పులిహోరతో పాటు దాని ట్యాంకుని కూడా డాక్టర్‌కి చూపించండి

మీరు రాసింది నాకు అర్థమైనంతలో ముందు చెప్తాను, పొరపాటుంటే సరిదిద్దండి. మీరుండేది టెక్సస్‌లోని ఫ్రిస్కోలో. పద్నాలుగేళ్ల మీ అబ్బాయి ఒక బాల్ పైథాన్‌ని, అంటే చిన్న జాతి కొండచిలువని, పెంచుతున్నాడు. బనానా మార్ఫ్ అనే పసుపు రంగు రకం, మగది, ఐదేళ్లది, పేరు పులిహోర. (ఆ పేరు చదివి నవ్వు ఆపుకోలేకపోయాను. బనానా మార్ఫ్‌కి వయసు పెరిగేకొద్దీ పసుపు ఒంటి మీద నల్ల చుక్కలు వస్తాయి, అచ్చం పోపులో ఆవాల్లాగే. పేరు పెట్టింది ఎవరో గానీ దండం.) నవంబర్ మధ్య నుంచి తొమ్మిది వారాలుగా అది ఎలుకని ముట్టడం లేదు. బరువు 1,420 గ్రాముల నుంచి 1,365కి దిగింది. నాలుగైదు రోజులుగా ఊపిరి తీసేటప్పుడు సన్నగా ఈల లాంటి చప్పుడు వస్తోంది. ఇన్నాళ్లూ చూసిన డాక్టర్ రిటైరయ్యారు. గురువారం సాయంత్రం నాలుగున్నరకి, నలభై నిమిషాల దూరంలో ఉన్న కొత్త ఎక్సోటిక్ క్లినిక్‌లో (కుక్కలు, పిల్లులు కాని పెంపుడు జంతువుల్ని చూసేది) అపాయింట్‌మెంట్ దొరికింది. మీవారు ఊళ్లో లేరు. మీకు పామంటే భయం. ఇంట్లో గుంటూరు నుంచి వచ్చిన అత్తగారు ఉన్నారు.

నేను డాక్టర్ని కాదు. టెక్సస్‌లోనే పదకొండేళ్లుగా ఒక ఎక్సోటిక్ క్లినిక్‌లో వెటర్నరీ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. పాముని పట్టుకునేది, తూకం వేసేది, డాక్టర్ రాసిన ఇంజెక్షన్ వేసేది, దాన్ని ఇంట్లో ఎలా వేయాలో మీలాంటి అమ్మలకి నేర్పించేది నాలాంటివాళ్లమే. మా ఇంట్లో కూడా రెండు కార్న్ స్నేక్‌లు, ఒక బాల్ పైథాన్ ఉన్నాయి. కాబట్టి బల్లకి రెండు వైపులా నిలబడిన అనుభవం ఉంది.

ముందు కొంత టెన్షన్ తగ్గిద్దాం. పెద్ద మగ బాల్ పైథాన్ చలికాలంలో రెండు మూడు నెలలు తిండి మానేయడం కొత్తేమీ కాదు. అది వాటి జతకట్టే కాలం, ధ్యాస తిండి మీద ఉండదు. మనం చూడాల్సింది ఎన్ని వారాలు తినలేదన్నది కాదు, ఎంత బరువు తగ్గిందన్నది. మీది 55 గ్రాములు తగ్గింది, అంటే నాలుగు శాతం కూడా లేదు. పది శాతం దాటితే, అంటే మీ లెక్కలో 1,280కి అటూ ఇటూగా వస్తే, అప్పుడు నేనైనా కంగారు పడతాను. ఉపవాసం ఒక్కటే అయితే అపాయింట్‌మెంట్ తొందరేమీ లేదనే చెప్పేదాన్ని.

ఈల సంగతి వేరు. ఆ చప్పుడుకి చిన్న కారణం ఉండొచ్చు, పెద్ద కారణమూ ఉండొచ్చు. చిన్నదంటే, కుబుసం సరిగ్గా ఊడక ముక్కు రంధ్రంలో చిన్న ముక్క ఇరుక్కుపోవడం. పెద్దదంటే ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్. పాములకి మనలాగా ఉదరవితానం (డయాఫ్రమ్, ఊపిరితిత్తుల కింద ఉండే కండరం) ఉండదు, గట్టిగా దగ్గి కఫం బయటికి తెచ్చుకోలేవు. లోపల చేరింది లోపలే ఉండిపోతుంది. అందుకే వీటి జలుబుని మన జలుబులాగా "వారంలో అదే పోతుందిలే" అని వదిలేయకూడదు. ఈలోగా అది నోరు తెరిచి ఊపిరి తీసుకున్నా, నోట్లోనో ముక్కులోనో బుడగలు కనిపించినా, తల పైకెత్తి ఆకాశం చూస్తున్నట్టు అలాగే ఉండిపోయినా గురువారం దాకా ఆగొద్దు. ఆ రోజే ఫోన్ చేసి అత్యవసరం అని చెప్పండి.

ఇప్పుడు మీరు అడిగిన అసలు ప్రశ్న: కొత్త డాక్టర్ దగ్గరికి ఎలా వెళ్లాలి, ఆ డాక్టర్‌కి పాములు తెలుసో లేదో ఎలా కనిపెట్టాలి?

బోర్డు మీద ఎక్సోటిక్ అని ఉంటే ఆ మాటకి అర్థం కుందేలు కావచ్చు, చిలక కావచ్చు, గినీ పిగ్ కావచ్చు. పాము ఉండాలని లేదు. నేను ఈ ఉద్యోగంలో చేరకముందు నా మొదటి కార్న్ స్నేక్‌ని అలాంటి బోర్డు చూసే ఒక చోటికి తీసుకెళ్లాను. ఆ డాక్టర్ మంచివారే, కుందేళ్లకి చేయి తిరిగినవారే. కానీ నా పాముని పట్టుకునేటప్పుడు చేతులు వణికాయి. యాంటీబయాటిక్ ఇంజెక్షన్ తోక వైపు వేశారు. పాములో ఒంటి వెనక భాగం నుంచి వచ్చే రక్తం కిడ్నీల మీదుగా పోయే ఏర్పాటు ఉంటుంది, తోక వైపు వేసిన మందు ఒళ్లంతా చేరకముందే కిడ్నీలకి వెళ్లొచ్చు. అందుకే పాములు తెలిసినవాళ్లు సాధారణంగా ఇంజెక్షన్లని ఒంటి ముందు భాగంలోనే, వెన్నుకి పక్కనున్న కండలో వేస్తారు. ఆ సంగతి నాకు రెండేళ్ల తర్వాత ఉద్యోగంలో చేరాక తెలిసింది. ఆ పాము బతికే ఉంది, నా అదృష్టం.

కాబట్టి రేపే ఫోన్ చేయండి. "మీరు పాముల్ని చూస్తారా" అని అడిగితే రిసెప్షన్‌లో అందరూ అవుననే అంటారు. "గురువారం నన్ను చూడబోయే డాక్టర్ నెలకి ఎన్ని పాముల్ని చూస్తారు?" అని అడగండి. క్లినిక్‌లో నలుగురు డాక్టర్లుంటే పాములు తెలిసినవారు ఒక్కరే ఉండొచ్చు, ఆవిడ గురువారాలు రాకపోవచ్చు. ఇంకొకటి: "పాముకి మత్తు ఇవ్వాల్సి వస్తే గొట్టం వేసి మీరే ఊపిరి అందిస్తారా?" మత్తులో ఉన్న పాము తనంతట తాను సరిగ్గా ఊపిరి తీసుకోదు, ఎవరో ఒకరు అందించాలి. ఈ ప్రశ్నకి అవతలివాళ్లు తడుముకోకుండా జవాబు చెప్తే సగం భరోసా వచ్చినట్టే. మీకిప్పుడు మత్తు అవసరం పడకపోవచ్చు, ప్రశ్న మాత్రం పనికొస్తుంది. రాత్రిపూట ఉంచాల్సి వస్తే వెచ్చటి ఇన్‌క్యుబేటర్ ఉందా, సెలవు రోజుల్లో పాముని ఏ ఆస్పత్రికి పంపుతారు, ఇవి కూడా అడిగి రాసిపెట్టుకోండి. ఆదివారం రాత్రి పదకొండింటికి వెతుక్కునే పని తప్పుతుంది.

ఏఆర్‌ఏవీ అని సరీసృపాలు, ఉభయచరాల పశువైద్యుల సంఘం ఒకటుంది, 1991 నుంచి నడుస్తోంది. వాళ్ల సైట్‌లో ఊరిని బట్టి డాక్టర్లని వెతకొచ్చు. సభ్యత్వం ఉన్నంత మాత్రాన ప్రావీణ్యం ఉందని కాదు, ఆసక్తి ఉందని మాత్రం అర్థం. అంతకంటే గట్టి గుర్తు కావాలంటే ఏబీవీపీ (అమెరికన్ బోర్డ్ ఆఫ్ వెటర్నరీ ప్రాక్టీషనర్స్, పశువైద్యులకి స్పెషలిస్టు గుర్తింపు ఇచ్చే సంస్థ) వారి సరీసృపాలు, ఉభయచరాల విభాగంలో బోర్డు సర్టిఫికేషన్ ఉందేమో చూడండి. అలాంటివాళ్లు చాలా తక్కువమంది. కేసు ముదిరితే మన వైపు ఆఖరి దిక్కు కాలేజ్ స్టేషన్‌లోని టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ పశువైద్యశాల, అక్కడ జూ జంతువుల విభాగం ఉంది. మీకు మూడు గంటల పైనే ప్రయాణం. గురువారానికి అక్కడిదాకా వెళ్లే అవసరం కనిపించడం లేదు, తెలిసి ఉంటే మంచిది.

పాత డాక్టర్ రిటైరైనా ఆ క్లినిక్‌లో ఫైల్ ఉంటుంది. కొత్త క్లినిక్‌కి పంపమని ఇవాళే మెయిల్ పెట్టండి. పాత బరువులు, పాత మల పరీక్షల ఫలితాలు అందులోనే ఉంటాయి.

ఇక ట్యాంకు దగ్గరికి వద్దాం. నేనైతే అన్నిటికంటే ఎక్కువ సమయం దీని మీదే పెడతాను. మా క్లినిక్‌కి జబ్బుతో వచ్చే పాముల్లో చాలావాటికి మూలం ట్యాంకులో ఉంటుంది. పాము పరీక్ష బల్ల మీద కాసేపే ఉంటుంది, ఇంట్లో ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది. పైగా డాక్టర్ గదిలో పాము ఏమీ చెప్పదు, ఎక్కడ నొప్పో చూపించదు, కొత్త చోట బిగుసుకుపోయి ఆ ఈల కూడా వేయకపోవచ్చు. మీరు తీసుకెళ్లే సమాచారమే దాని నోరు.

మీ అబ్బాయికి ఈ పని అప్పగించండి, ఈ వయసు పిల్లలు ఇష్టంగా చేస్తారు. ట్యాంకుని ముందు నుంచి, పై నుంచి ఫోటోలు తీయమనండి. హీట్ మ్యాట్, బల్బు, థర్మోస్టాట్, దాక్కునే డబ్బాలు, నీళ్ల గిన్నె, కింద పరిచిన పొట్టు, అన్నీ కనబడాలి. పొట్టు ప్యాకెట్ ఫోటో కూడా. తర్వాత ఉష్ణోగ్రతలు: వెచ్చటి వైపు 88 నుంచి 92 డిగ్రీల ఫారెన్‌హీట్, చల్లటి వైపు 76 నుంచి 80, గాలిలో తేమ 60 నుంచి 80 శాతం ఉండాలి. రోజుకి రెండుసార్లు, పొద్దున ఒకసారి, రాత్రి హీటర్ తగ్గించాక ఒకసారి రాసి పెట్టమనండి. గురువారానికి నాలుగు రోజుల లెక్క చేతిలో ఉంటుంది.

మీరు "తేమ 60 చూపిస్తోంది" అని రాశారు. ఏ మీటరు? గాజుకి అంటించే గుండ్రటి ముల్లు మీటరైతే నేను నమ్మను. మా ఇంట్లో అలాంటిది ఒకటి నెలల తరబడి అరవై దగ్గరే నిలబడింది, పక్కన డిజిటల్ ప్రోబ్ పెడితే ముప్ఫై నాలుగు. ముల్లు ఎప్పుడో ఇరుక్కుపోయిందన్నమాట. పది, పదిహేను డాలర్లకి వైరున్న డిజిటల్ మీటరు కొని పాము పడుకునే చోట పెట్టండి. జనవరిలో మన ఇళ్లలో హీటర్ రాత్రంతా ఆడుతుంది, గాలి ఎండిపోతుంది. మన పెదాలు పగిలినట్టే దాని కుబుసం కూడా ఎండి ముక్కలు ముక్కలుగా ఊడుతుంది, ఆ ముక్కే ముక్కులో ఇరుక్కుంటుంది. మీ పులిహోర ఈల వెనక ఈ కథే ఉందని పందెం కాయను గానీ, డాక్టర్ మొదట అడిగేది మాత్రం ఇదే. పోయినసారి కుబుసం ఎప్పుడు విడిచింది, ఒకే తొడుగులా వచ్చిందా, ముక్కలుగా వచ్చిందా అన్నది గుర్తు చేసుకోండి. ఆ కుబుసం ఇంకా ఉంటే జిప్ కవర్లో పెట్టి తీసుకెళ్లండి, కంటి పొరలు వచ్చాయో లేదో అందులో కనిపిస్తుంది. కంటి మీద పొర మిగిలిందనిపిస్తే మీవాడు గోటితో గానీ టేపుతో గానీ తీయకూడదు. కన్నే పోతుంది.

ఆ ఈలని వీడియో తీయండి. టీవీ, ఫ్యాను కట్టేసి, ఫోన్‌ని తల దగ్గర పెట్టి అరనిమిషం. క్లినిక్‌లో ఏసీ మోతలో, కుక్కల అరుపుల్లో అది వినపడకపోతే ఇదొక్కటే సాక్ష్యం. ఈ పని ఇవాళ రాత్రే చేయండి. గురువారానికి చప్పుడు ఆగిపోయినా మీ దగ్గర రికార్డు ఉంటుంది.

తిన్న తేదీలు, ఎలుక బరువు, బతికినదా ఫ్రోజెన్‌దా, ఒక కాగితం మీద రాసుకోండి. మలం దొరికితే తాజాది జిప్ కవర్లో వేసి ఫ్రిజ్‌లో పెట్టి, ఇరవై నాలుగు గంటల్లోపు ఇవ్వాలి. (ఫ్రిజ్ విషయంలో అత్తగారితో గొడవొద్దు. రెండు కవర్లు, పైన మూతున్న డబ్బా, దాని మీద పేరు రాసి అట్టడుగున. లేదా చిన్న ఐస్ బాక్స్.) తొమ్మిది వారాలుగా తినలేదు కాబట్టి దొరక్కపోవచ్చు. దొరకలేదని బాధపడొద్దు, అవసరమైతే వాళ్లే తీసుకునే పద్ధతి ఉంది.

ఒక హెచ్చరిక. ఈ నాలుగు రోజుల్లో అది తింటానన్నా పెట్టొద్దు. ఇది నేను చేసిన తప్పు. మనకి పుట్టుకతో వచ్చిన అలవాటు కదా, ఆస్పత్రికి ఖాళీ కడుపుతో ఎలా తీసుకెళ్తాం అని. నా బాల్ పైథాన్‌ని మొదటిసారి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లే ముందు రోజు రాత్రి, నీరసంగా ఉందని ఎలుక పెట్టాను. తిన్నది. మర్నాడు కారు కుదుపులకి, డాక్టర్ పొట్ట తడిమినందుకు, బల్ల మీదే కక్కేసింది. ఆ వాసన గురించి చెప్పను. కక్కడం పాముకి చిన్న విషయం కాదు, గొంతు, పొట్ట దెబ్బతింటాయి, మళ్లీ తిండి పెట్టడానికి రెండు వారాలు ఆగాల్సి వచ్చింది. నీళ్లు మాత్రం ఎప్పుడూ ఉండాలి.

ఇంటి వైద్యాలు కూడా వద్దు. ఇండియా నుంచి తెచ్చుకున్న అమాక్సిసిలిన్ మాత్రల స్ట్రిప్ ప్రతి తెలుగింట్లో ఉంటుందని నాకు తెలుసు. దాని జోలికి పోవద్దు. ముక్కు పట్టేసింది కదా అని విక్స్ రాయడం, ఆవిరి పట్టడం కూడా వద్దు. ఇంకో మాట, ట్యాంకు పూజగది పక్కన ఉందా? అగరుబత్తి, సాంబ్రాణి పొగ ఆ గదిలోకి వస్తుంటే ట్యాంకుని వేరే గదిలోకి మార్చండి, లేదా కనీసం తలుపు వేసి ఉంచండి. ఊపిరి సమస్య ఉన్న పాముకి పొగ మంచిది కాదు. ఇది డాక్టర్ అడగకపోయినా మీరే చెప్పండి, ఇక్కడి డాక్టర్లకి సాంబ్రాణి ప్రశ్న తట్టదు.

ప్రయాణం సంగతి. పాత దిండు గలీబు ఒకటి, కుట్లు ఊడనిది, తీసుకోండి. మీ అబ్బాయి పాముని అందులో వదులుతాడు, పైన మెలితిప్పి ముడి వేస్తాడు. ఆ గలీబుని మూతకి చిన్న రంధ్రాలున్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూత బిగించండి. మీరు పాముని తాకాల్సిన అవసరం ఎక్కడా రాదు. మీవాడు బడి నుంచి వచ్చి గలీబులో పెట్టేలా టైము చూసుకోండి, వాణ్ని క్లినిక్‌కి కూడా తీసుకెళ్లండి. చీకటిగా, ఇరుకుగా ఉంటే బాల్ పైథాన్‌కి హాయి. బంతిలా ముడుచుకుంటుందనే కదా దానికి ఆ పేరు.

కారుని ముందే పది నిమిషాలు ఆడించి లోపల 80 డిగ్రీల దాకా వెచ్చబెట్టండి. మీకు చెమట పట్టొచ్చు, భరించండి. వేడి ప్యాకెట్ పెడితే తువ్వాలులో చుట్టి డబ్బాకి బయట పెట్టాలి, పాముకి తగిలితే కాలుతుంది. ఈ వెచ్చదనం సుఖం కోసం మాత్రమే కాదు. చలికి గడ్డకట్టుకుపోయిన పాము గుండె నెమ్మదిగా కొట్టుకుంటుంది, నాలుక ఆడించదు, తిరగేస్తే సర్దుకోవడానికి ఆలస్యం చేస్తుంది. అది జబ్బో చలో డాక్టర్‌కి తేల్చుకోవడం కష్టం. దారిలో ఇండియన్ స్టోర్ కనిపించినా దాన్ని కారులో వదిలి దిగొద్దు. వేసవిలో అయితే అసలే వద్దు, మన టెక్సస్ ఎండకి మూసిన కారులో అరగంటలో 120 డిగ్రీలు దాటుతుంది.

క్లినిక్‌కి చేరాక లోపలికి వెళ్లి, "పాము ఉంది, గది ఖాళీ అయ్యేదాకా కారులో కూర్చుంటాం" అని చెప్పండి. చాలాచోట్ల ఒప్పుకుంటారు. కుక్కల మధ్య కూర్చోవడం దానికీ బాగోదు, పక్కవాళ్లకీ బాగోదు. మీకు భయమని టెక్నీషియన్‌కి సిగ్గుపడకుండా చెప్పేయండి. మేం నవ్వం. పాముని తెచ్చి గుమ్మం దగ్గర నిలబడే అమ్మలు, నాన్నలు మాకు వారానికి ఒకరైనా వస్తారు. తలుపు దగ్గర కుర్చీ వేయిస్తాం.

అక్కడ ఏం జరుగుతుందో ముందే తెలిస్తే భయం తగ్గుతుంది. మొదట తూకం, గ్రాముల్లో. తర్వాత మంచి డాక్టర్ అయితే వెంటనే పట్టుకోకుండా కాసేపు దాన్ని చూస్తారు: ఎలా పాకుతోంది, నాలుక ఆడిస్తోందా, తల నిలుపుతోందా, ఊపిరికి పక్కలు ఎలా కదులుతున్నాయి. ఆ తర్వాత మెడ నుంచి తోక దాకా వేళ్లతో తడుముతారు. పొలుసుల కింద, కళ్ల చుట్టూ మైట్స్ (రక్తం పీల్చే చిన్న పురుగులు) ఉన్నాయేమో వెతుకుతారు, అవి మిరియపు పొడి రేణువుల్లా కనిపిస్తాయి. పొట్ట కింద పొలుసులు ఎర్రబడ్డాయేమో చూస్తారు. నోరు తెరవడానికి మెత్తటి ప్లాస్టిక్ పట్టీ వాడతారు, చూడ్డానికి కఠినంగా ఉంటుంది గానీ అరనిమిషం పని. నోట్లో చీము, చిక్కటి జిగురు ఉన్నాయా, ఊపిరి గొట్టం మొదట్లో నురగ ఉందా అని చూడటమే మీ కేసులో ముఖ్యం. గుండె వినడానికి స్టెతస్కోపు పెద్దగా పనిచేయదు, చిన్న డాప్లర్ (గుండె చప్పుడుని పెద్దగా వినిపించే పరికరం) పెట్టి వింటారు. గుండె తల నుంచి దాదాపు పావు వంతు, మూడో వంతు దూరం మధ్యలో ఉంటుంది. ఆ చప్పుడు గది అంతా వినిపిస్తుంది, మీవాడికి ఆ రోజంతటికీ నచ్చే ఘట్టం అదే అవుతుంది.

రక్తం తీయాలంటే తోక కింద నుంచి గానీ, నేరుగా గుండె నుంచి గానీ తీస్తారు. "గుండెలో సూది" అని వినగానే కుర్చీలోంచి లేవకండి. పాముల్లో అది తెలిసినవాళ్లు మామూలుగా చేసే పద్ధతే. కాకపోతే చేసేవారికి అలవాటు ఉండాలి, అందుకే ఆ ఫోన్ ప్రశ్నలు.

పరీక్షలన్నీ ఒకేసారి చేయించాలా? నా అభిప్రాయం, మీ కేసులో నోటి పరీక్ష, ఎక్స్‌రే గురించి డాక్టర్ ఏమంటారో విని నిర్ణయించుకోండి. నోట్లో స్రావం కనిపిస్తే అందులోంచి నమూనా తీసి ల్యాబ్‌కి పంపడం డబ్బు దండగ కాదు, ఏ మందు పనిచేస్తుందో తెలుస్తుంది. పైథాన్లలో సెర్పెంటోవైరస్ అని ఒకటి ఊపిరితిత్తుల్ని పట్టుకుంటుంది, పాత పేరు నైడోవైరస్, బాల్ పైథాన్లలో 2014లో బయటపడింది. నోటి దూదిపుల్లతో పీసీఆర్ పరీక్ష ఉంది. మీ ఇంట్లో ఈ ఒక్క పామే, ఏళ్లుగా కొత్తది రాలేదు అంటే అనుమానం కాస్త తక్కువ. మీవాడు ఈ మధ్య ఆర్లింగ్టన్‌లో జరిగే రెప్టైల్ షోకి వెళ్లి అక్కడి పాముల్ని ముట్టుకుని వచ్చి, చేతులు కడుక్కోకుండా పులిహోరని పట్టుకున్నాడా అని అడగండి. తిట్టకుండా అడిగితే నిజం చెప్తాడు.

ఖర్చు: నేను చూసిన బిల్లుల్లో కొత్త పేషెంట్ పరీక్ష ఫీజు వంద డాలర్లకి అటూ ఇటూ, మల పరీక్ష యాభై లోపు, ఎక్స్‌రే రెండొందల పైన. ఊరిని బట్టి మారుతుంది. ఏ పరీక్షకైనా ముందు రాతపూర్వక ఎస్టిమేట్ అడగండి, అందులో తక్కువ అంకె, ఎక్కువ అంకె రెండూ ఉంటాయి. "అన్నీ ఇవాళ చేయలేం, ముందు ఏది చేయాలి?" అని అడగడం తప్పు కాదు. ఆ ప్రశ్నకి విసుక్కోకుండా వరస చెప్పే డాక్టర్ని వదులుకోవద్దు.

ఒకవేళ ఇన్ఫెక్షన్ అని తేలితే ఇంజెక్షన్లు రాస్తారు. పాములకి తరచుగా వాడే సెఫ్టాజిడిమ్ లాంటి యాంటీబయాటిక్‌లు మూడు రోజులకి ఒకసారి, కొన్ని వారాల పాటు వేయాల్సి ఉంటుంది. ప్రతిసారీ క్లినిక్‌కి వెళ్లలేరు కాబట్టి ఇంట్లో వేయమంటారు. అప్పుడు మొదటి డోసు మీ అబ్బాయి చేతే అక్కడే వేయించమనండి, టెక్నీషియన్ పక్కన నిలబడితే వాడు నేర్చుకుంటాడు. వీడియో తీసుకోండి. సిరంజిలు నింపి ఇస్తే ఫ్రీజర్లో పెట్టాలా, ఫ్రిజ్‌లో పెట్టాలా అని కవర్ మీదే రాయించుకోండి. ట్యాంకు వేడి ఎన్ని డిగ్రీలకి పెంచాలో అడగడం మర్చిపోవద్దు. పాము ఒంటి వేడి దాని చుట్టూ ఉన్న వేడే, ఆ వేడి చాలకపోతే మందు సరిగ్గా పనిచేయదు, రోగంతో పోరాడే శక్తీ రాదు. ఇంజెక్షన్ రాసి ట్యాంకు గురించి ఒక్క ప్రశ్నా అడగని డాక్టరైతే నేను రెండో అభిప్రాయానికి వెళ్తాను.

అత్తగారి గురించి కూడా రాశారు కాబట్టి చెప్తున్నా. ఇంట్లో పాము నీరసపడితే గిన్నెలో పాలు పెడదామన్నారని రాశారు. ఆవిడ మనసు నాకు తెలుసు, మా అమ్మమ్మ నాగులచవితికి పుట్టలో పాలు పోయించిన చేతులే నావి కూడా. పాములు పాలు అరిగించుకోలేవు, పులిహోరకి నీళ్లే. దండం పెట్టుకుంటే మాత్రం దానికేం నష్టం లేదు, పెట్టుకోనివ్వండి. "మన దగ్గర పాముని పెంచితే జైలే కదా" అన్నారట, మన దేశపు జాతుల వరకు ఆ మాట నిజమే. మన దేశపు పాముల్ని పట్టి పెంచుకోవడానికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. బాల్ పైథాన్ ఆఫ్రికాది, అలాంటి విదేశీ జాతుల్ని అక్కడ పెంచేవాళ్లు 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్లో నమోదు చేయాలి. ఇక్కడ టెక్సస్‌లో రెటిక్యులేటెడ్ పైథాన్, గ్రీన్ అనకొండ లాంటి కొన్ని పెద్దవాటికి రాష్ట్ర పర్మిట్ కావాలి, బాల్ పైథాన్‌కి అక్కర్లేదు.

ఆవిడ విషయంలో నిజంగా చూసుకోవాల్సింది సాల్మొనెల్లా, విరేచనాలు, జ్వరం తెచ్చే బ్యాక్టీరియా. ఆరోగ్యంగా ఉన్న పాము ఒంటి మీద కూడా ఉంటుంది. 65 దాటినవాళ్లకి, ఐదేళ్లలోపు పిల్లలకి ప్రమాదం ఎక్కువ. నీళ్ల గిన్నె, ట్యాంకు సామాన్లు వంటింటి సింకులో కడగొద్దు. క్లినిక్ నుంచి రాగానే ఆ గలీబుని విడిగా వేడి నీళ్లలో ఉతకండి, చేతులు సబ్బుతో కడుక్కోండి.

తిరిగొచ్చాక దాన్ని ట్యాంకులో వదిలి రెండు రోజులు ముట్టుకోకుండా ఉంచండి, స్నేహితులకి చూపించడం ఉండదని మీవాడికి ముందే చెప్పండి. తిండి ఎప్పుడు పెట్టాలో డాక్టర్ చెప్పిన తేదీ ప్రకారమే. వారానికి ఒకసారి అదే తూకం మీద, అదే టైములో బరువు రాయించండి. బుధవారం రాత్రి మాత్రం ఒక్క పని చేయండి: ఖాళీ గలీబు తీసుకుని, మీరే ఒకసారి పైన మెలితిప్పి ముడి వేసి చూడండి. గురువారం మీవాడికి బస్సు ఆలస్యమైతే ముడి బిగించే పని మీదే అవుతుంది.